నూట ఇరవై సీసాల క్రాఫు

సినిమాలో కమెడియన్ విగ్గు గాలికి ఎగిరిపోయిందనుకోండి, హాలంతా గొల్లుమంటుంది. నేనూ అట్లా గొల్లుమన్నవాణ్ణే. కుర్రతనంలో రైలెక్కి భువనగిరి పోయి, ఫస్టు షో చూసి, దోస్తులతో కలిసి ఆ సీను తిరుగు రైల్లో మళ్లీ యాక్టు చేసి నవ్వుకున్నవాణ్ణే. కానీ ఈ మధ్య ఆ సీను వస్తే నాకు నవ్వు రావడం లేదండీ. నా నెత్తిమీద విగ్గు లేదు గానీ, ఇంచుమించు అలాంటిదే ఒకటి పదేళ్లు మోశాను. అది ఒక్క గాలికి ఎగిరిపోలేదు. నాలుగు నెలల పాటు, రోజుకు ఇంత చొప్పున, దిండు మీదా దువ్వెన మీదా లెక్కజెప్పి మరీ దిగిపోయింది.

ఆ కథే ఇది. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది ఆలేరు. సికింద్రాబాదు నుంచి కాజీపేట వైపు వెళ్లే రైల్లో కూచుంటే భువనగిరి, గుట్టకు పోయేవాళ్లు దిగే రాయగిరి, వంగపల్లి దాటాక వచ్చే స్టేషను. పుట్టినప్పుడు నల్లగొండ జిల్లా. 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. మా నాయిన మగ్గం నేసేవాడు. నాకు మగ్గం అబ్బలేదు. సినిమా పిచ్చి అబ్బింది. హీరో కావాలనుకుని, కాలేక, కనీసం కెమెరా వెనకాలన్నా ఉందామని ఫొటో స్టూడియో పెట్టుకున్నాను.

ఫొటోలు తీసేవాడికి జుట్టు విలువ తెలిసినంతగా ఇంకొకడికి తెలియదు. పెళ్లికొడుకు ఆల్బం చూసుకోవడానికి వస్తాడు. పెళ్లికూతురు పక్కనుంటే నోరు విప్పడు. ఆమె బయటికి పోయిందాకా ఆగి, నా చెవి దగ్గరికొచ్చి, “అన్నా, ముందట జర నింపరాదే!” అంటాడు. కంప్యూటర్లో బ్రష్షు పట్టుకుని నింపుతాను. అట్లా ఎన్ని నెత్తులు నింపానో లెక్కలేదు. నింపుతూ లోపల అనుకునేవాణ్ణి... నాయనా, నీ నెత్తి నేను నింపుతున్నాను, నా నెత్తి ఎవరు నింపుతున్నారో నీకు తెలియదు గదా!

శోభన్ బాబు రింగు

మా నాయిన పెళ్లి ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. 1979 నాటిది. నలుపు తెలుపు. అందులో మా అమ్మ నేల చూపులు చూస్తుంటే, పక్కన మా నాయిన నుదుటి మీద అచ్చంగా శోభన్ బాబు రింగు! అప్పట్లో ఆంధ్రదేశం మొత్తం మీద ఆ రింగు కోసం అద్దం ముందు కుస్తీ పట్టని కుర్రాడు లేడంటారు. నాయిన కూడా వేలికి కొబ్బరినూనె రాసి, చుట్టి, ఆరబెట్టేవాడట.

నాకు ఊహ తెలిసేసరికి ఆ రింగు లేదు, రింగు వేలాడిన చోటూ లేదు. గుంటమగ్గంలో కూచుని నాయిన ముందుకు వంగితే, కిటికీలోంచి వచ్చే ఎండ ఆయన నెత్తిమీద పడి తళుక్కుమనేది. బళ్లో పిల్లలు నన్ను పేరు పెట్టి పిలవలేదు. ‘బట్టతలోని కొడుకు’ అన్నారు. ఆ మాట పడ్డప్పుడల్లా మగ్గం మీద ఉన్న మనిషి మీద నాకు కోపం వచ్చేది. ఆయనేం చేశాడని? అప్పుడు అంత తెలివి లేదు.

మా నాయినకు మాత్రం ఆ బాధ ఉన్నట్టే కనపడేది కాదు. ఆయన అభిమాన నటుడు కత్తివీరుడు కాంతారావు గారు. మా ఉమ్మడి జిల్లా మనిషే, కోదాడ దగ్గర గుడిబండ. జానపద చిత్రంలో రాజకుమారుడంటే భుజాల దాకా జులపాలు, వాటిమీద కిరీటం, చేతిలో కత్తి. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడు నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నాయిన కండె చుడుతూ అనేవాడు: “గదంత కిరాయి జుట్టు బిడ్డా! షూటింగు కాంగనే వాపస్ ఇచ్చేస్తరు.”

కిరాయి జుట్టు! ఆ మాట అప్పుడు నవ్వుకోవడానికి పనికొచ్చింది. నా విషయంలో నిజమయ్యేందుకు ఇరవై ఏళ్లు పట్టింది.

సీసా వచ్చింది

2012లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. స్టూడియోలో లైట్లు సరిచూసుకోవడానికి కుర్చీలో నేనే కూచుని ఫొటో తీసుకునేవాణ్ణి. ఒకరోజు కంప్యూటర్లో చూస్తే నుదురు రెండు మూలలా లోపలికి పోయింది. నడినెత్తి మీద లైటు పడి చర్మం కనబడుతోంది. లైటు మార్చాను. కెమెరా కోణం మార్చాను. చర్మం మారలేదు. మర్నాడు పొద్దున్నే సికింద్రాబాదు బండెక్కి చర్మవ్యాధుల డాక్టరు దగ్గర కూచున్నాను.

ఆయన నెత్తి చూసి, “మీ నాన్నగారికి ఉందా?” అన్నారు. ఉందన్నాను, దొంగతనం ఒప్పుకున్నట్టు. బట్టతల తల్లివైపు నుంచే వస్తుందని మా దోస్తు ఒకడు ధైర్యం చెప్పాడే అని అడిగితే, రెండు వైపుల నుంచీ రావచ్చన్నారు. వంశం ఒక్కటే చాలదట, మగ హార్మోను కూడా కావాలట. ఈ సంగతి 1942లోనే అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. వంశంలో ఆ గుణం ఉన్నవాళ్ల నెత్తిమీద, ఆ హార్మోను వెంట్రుక కుదుళ్లను ఏడాదికేడాది చిన్నవి చేస్తూ పోతుంది. వెంట్రుక ఒక్కసారిగా మాయం కాదు. సన్నబడుతుంది, పొట్టిదవుతుంది, చివరికి నూగులా మిగులుతుంది.

తర్వాత ఒక సీసా రాసిచ్చారు. మినాక్సిడిల్. రోజుకు రెండు పూటలు, పూటకొక మిల్లీలీటరు. అరవై మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెలరోజులు వస్తుంది.

ఈ మందు కథ కూడా సినిమా కథలాంటిదేనండీ. మొదట ఇది రక్తపోటు మాత్ర. అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది... మా నాయిన నుదుటి మీద రింగు తిప్పుకున్న సంవత్సరమే! ఆ మాత్ర మింగినవాళ్లకు బీపీ తగ్గడంతోపాటు ముఖాన, చేతులమీద వెంట్రుకలు మొలవడం మొదలైంది. సైడు క్యారెక్టరు కాస్తా హీరో అయిపోయినట్టు, ఆ సైడ్ ఎఫెక్టునే మందు చేసుకున్నారు. 1988లో నెత్తికి రాసుకునే ద్రవంగా అనుమతి వచ్చింది.

డాక్టరు గారు మూడు మాటలు చెప్పారు. మొదటిది: మొదలుపెట్టిన కొత్తలో కొన్ని వారాలు జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు, భయపడి మానెయ్యవద్దు, విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకల్ని తోసుకుని కొత్తవి వస్తున్నాయని అర్థం. రెండోది: ఫలితం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. మూడోది: “ఇది హార్మోనును ఆపదు. వెంట్రుక పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది, అంతే. వాడినన్నాళ్లే ఉంటుంది. మానేస్తే నిలబెట్టినదంతా పోతుంది.”

మొదటి రెండు మాటలూ శ్రద్ధగా విన్నాను. మూడోది వినబడలేదు. ఇరవై ఎనిమిదేళ్ల వాడికి ‘మానేస్తే’ అనే మాట ఎట్లా వినబడుతుంది చెప్పండి!

చెప్పినట్టే మొదట రాలింది. తర్వాత నిలబడింది. ఎనిమిదో నెలకల్లా నడినెత్తి మూసుకుంది. నెలకోసారి అదే కుర్చీ, అదే లైటు, అదే కోణంలో నా నెత్తికి నేనే ఫొటో తీసి దాచుకున్నాను. హీరోలకు కూడా ఇంత శ్రద్ధగా స్టిల్స్ తీసి ఉండరు.

రుమాలు

ఈ సంగతి తెలిసిన రెండో ప్రాణి మా అమ్మ ఒక్కతే. సీసా దేవుడి గూట్లో, కుంకుమ డబ్బాల వెనక దాచిపెట్టేది. “పిల్ల దొరికిందాక ఎవ్వలకు చెప్పకు బిడ్డా” అనేది.

2013లో పిల్ల దొరికింది. జనగామ సంబంధం. చూపులకు వాళ్లు మా ఇంటికి వస్తున్న రోజు పొద్దున నేను ఒక పని చేశాను. పన్నెండేళ్లు అయినా ఆ పని గుర్తొస్తే ఇప్పటికీ నాకు తిండి సయించదు. ఏప్రిల్ నెల, ఎండ మండిపోతోంది. మా నాయిన తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద తయారుగా కూచున్నాడు. నేను పెట్టెలోంచి రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టి, “నాయినా, ఇది కట్టుకో. పెద్దరికంగా ఉంటది” అన్నాను.

నాయిన రుమాలు వైపు చూశాడు. నా నెత్తి వైపు చూశాడు. ఏమీ అనలేదు. కట్టుకున్నాడు. వాళ్లు వెళ్లిపోయేదాకా, సాయంత్రం దాకా, చెమటలు కారుతున్నా తియ్యలేదు.

సంబంధం కుదిరింది. పెళ్లి ఫొటోలో నా క్రాఫు అదిరింది. పక్కన నిలబడ్డ మా నాయిన నెత్తిమీద పట్టు రుమాలు.

ఒక్క అబద్ధం ఆడితే దానికి కాపలా కాయడానికి రోజూ రెండు పూటలు పని పడుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బాత్‌రూము గడియ పెట్టుకోవడం. ఫ్యాను కింద నెత్తి ఆరబెట్టుకోవడం. మందులో స్పిరిటు ఉంటుంది గనక ఆ వాసన పోవడానికి సబ్బుతో మొహం కడుక్కోవడం. ఊరికి పోతే సీసా బ్యాగు అడుగున. 2016లో మావాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి యాదగిరిగుట్ట పోయాం. కళ్యాణకట్ట దగ్గర పిల్లవాణ్ణి వొళ్లో పెట్టుకుని కూచుంటే, “నాయిన కూడ ఇయ్యాలె గద!” అన్నారు అత్తగారు. పెళ్లిళ్ల సీజను, గుండుతో ఫొటోలు తీస్తే పార్టీలు ఏమనుకుంటారని తప్పించుకున్నాను. అసలు భయం వేరు. గుండు చేయించుకుని మళ్లీ మొలిచేటప్పుడు నెత్తిమీద ఎక్కడ ఒత్తుందో, ఎక్కడ పలుచో పటం గీసినట్టు కనబడుతుందని!

2021లో ‘నూటొక్క జిల్లాల అందగాడు’ వచ్చింది. అవసరాల శ్రీనివాస్ గారు హీరో. బట్టతల దాచుకోవడానికి విగ్గు పెట్టుకుని తిరిగే మనిషి కథ. ఇంట్లో అందరూ పడుకున్నాక, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో చూశాను. నవ్వే సీన్లలో నవ్వలేకపోయాను. సినిమా అయిపోయాక లేచి వెళ్లి రాత్రి డోసు రాసుకుని పడుకున్నాను!

నలభై రోజులు

2022 అక్టోబరులో అమ్మకు జబ్బు చేసింది. హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో చేర్చాం. నలభై రోజులు అక్కడే ఉన్నాను. వరండాలో చాప, సంచిలో రెండు జతల బట్టలు. సీసా ఆలేరులో, దేవుడి గూట్లోనే ఉండిపోయింది.

మొదటి రెండు రోజులు గుర్తొచ్చింది. మెడికల్ షాపు ఆస్పత్రి గేటు దగ్గరే ఉంది. కానీ ఒక చేతిలో అమ్మ మందుల చీటీ పట్టుకుని, రెండో చేత్తో జుట్టు మందు అడగడానికి నోరు రాలేదు. మూడో రోజు నుంచి అసలు గుర్తే లేదు. పదేళ్లలో మొదటిసారి, నాకు నెత్తి ఉందన్న సంగతే మర్చిపోయాను.

డిసెంబరు మొదటి వారంలో అమ్మ పోయింది.

పదో రోజు వాగు వొడ్డున నన్ను కూచోబెట్టి గుండు చేశారు. తప్పించుకునే ఉపాయం వెతకలేదు. నీళ్లు చల్లి కత్తి పెట్టిన మనిషి, “మంచి ఒత్తు జుట్టు అన్నా నీది” అన్నాడు. చుట్టూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. సగటున ఏడాదికి పన్నెండు సీసాల చొప్పున పదేళ్లకు నూట ఇరవై సీసాల జుట్టు, ఆలేరు వాగు ఇసుకలో కుప్పగా పడి ఉంది. దాన్ని దాచిపెట్టిన మనిషి లేదు.

ఇంటికొచ్చి దేవుడి గూట్లో చూశాను. కుంకుమ డబ్బాల వెనక సగం ఖాళీ అయిన సీసా అట్లాగే ఉంది. ముట్టుకోలేదు. ఎందుకంటే చెప్పలేను. ముట్టుకోబుద్ధి కాలేదు.

దిండు మీద నూగు

గుండు మీద జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జనవరి ఆఖరుకు నెత్తి నల్లబడింది. “అమ్మకోసం ఇచ్చిన గుండు, ఇంకా ఒత్తుగ వస్తది చూడు” అన్నారు చుట్టాలు. ఈ నమ్మకం మనలో చాలామందికి ఉంది గానీ అది నిజం కాదండీ. కత్తి చర్మం పైనే పనిచేస్తుంది. వెంట్రుక సంగతి తేల్చేది చర్మం కిందున్న కుదురు. కొత్తగా మొలిచేటప్పుడు మొన మొద్దుగా ఉంటుంది గనక చేతికి గరుగ్గా తగిలి ఒత్తుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

ఫిబ్రవరిలో మొదలైంది. పొద్దున లేస్తే దిండు మీద పొట్టి పొట్టి వెంట్రుకలు. మగ్గం కింద రాలే నూలు నూగులాగా. తువ్వాలుతో తుడుచుకుంటే తువ్వాలు నిండా. చొక్కా కాలరు మీద. కెమెరా మీద కూడా! మామూలుగా మనిషికి రోజుకు యాభై నుంచి వంద దాకా రాలుతాయి, అది లెక్కలోది కాదు. నేను ఒకరోజు దిండు మీదవి ఏరి లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందల దగ్గర ఆపేశాను. ఉగాది నాటికి పక్కలా వెనకా కాస్త పలచగానైనా జుట్టు ఉంది; నడినెత్తిమీద చెయ్యి పెడితే చర్మం తగిలింది.

మందు మానితే ఇంత విషమా? కుదుళ్లతో సహా పీకేసిందా? మళ్లీ సికింద్రాబాదు బండి ఎక్కాను. పదేళ్ల కిందటి డాక్టరు గారే, కాస్త ముసలాయన అయ్యారు. ఆయనకూ జుట్టు లేదన్న సంగతి అప్పుడు గమనించాను!

నా ఫొటోలన్నీ చూపించాను. ఆయన ఓపిగ్గా చూసి, విడమర్చి చెప్పారు. నెత్తిమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది, రెండు మూడు వారాలు సర్దుకుంటుంది, సుమారు మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది, అక్కడ ఇంకోటి మొలుస్తుంది. దేని కాలం దానిది గనక మనకు తెలియదు. బట్టతల గుణం ఉన్న చోట పెరిగే కాలం కురచ అవుతుంది. మందు దాన్ని సాగదీసి పట్టుకుంటుంది. మందు ఆపగానే అట్లా పట్టుకున్న వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. మూడు నాలుగు నెలలకు అన్నీ కలిసి రాలతాయి. అందుకే అక్టోబరులో మానితే ఫిబ్రవరిలో రాలింది.

“మందు మానడం వల్ల కొత్తగా నష్టమేమీ జరగలేదు. మందే వాడకపోతే మీ తల ఈనాటికి ఎట్లా ఉండేదో, అక్కడికి వచ్చింది. పదేళ్లలో మెల్లగా పోవలసింది నాలుగు నెలల్లో పోయింది, అంతే తేడా” అన్నారు.

కిరాయి జుట్టు! నూట ఇరవై నెలలు కిరాయి కట్టాను. కట్టడం మానగానే ఖాళీ చేసి పోయింది. ఇల్లు కూల్చలేదు, గోడలు పగలగొట్టలేదు. తన సామాను తాను తీసుకుపోయింది.

ఆయన ఇంకో మాట చెప్పారు. పెద్ద జ్వరం, ఆపరేషను, కాన్పు, మనసుకు తగిలిన దెబ్బ... వీటి తర్వాత కూడా రెండు మూడు నెలలకు జుట్టు నెత్తి అంతటా రాలుతుందట. నిజమే, 2021లో కరోనా జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు పలచబడ్డ ఎంతోమంది నా స్టూడియోకు వచ్చారు. తర్వాత చాలామందికి మళ్లీ నిండింది. అట్లాంటిది మామూలుగా ఆరు నెలల్లో తిరిగొస్తుంది.

“అయితే ఇందులో మా అమ్మకోసం రాలిందెంత, సీసా లేక రాలిందెంత సార్?” అని అడిగాను.

ఆయన నవ్వలేదు. “కొన్ని నెలలు ఆగండి. తిరిగొచ్చింది అమ్మది. రానిది మీది” అన్నారు. మళ్లీ మందు మొదలుపెట్టవచ్చుననీ, ఫలితానికి మళ్లీ అన్ని నెలలూ ఆగాలనీ, పోయిందంతా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పి పంపించారు.

మూడు కత్తెర్లు

ఆ రాత్రి మా ఆవిడ దిండు గలీబు దులుపుతూ, “ఏమయ్యా, గింత రాలుతున్నదేంది? డాక్టరు ఏమన్నడు?” అంది. ఇక దాచడానికి ఏం మిగిలింది గనక? దేవుడి గూట్లోంచి సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మొదటి నుంచీ చెప్పాను. చూపుల నాటి రుమాలు సంగతి కూడా.

ఆమె సీసా మూత తీసి వాసన చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. జుట్టు పోయినందుకు కోప్పడుతుందనుకున్నాను. ఆమె కళ్లనిండా నీళ్లు!

“ఈ వాసననా? పొద్దున రాత్రి గడియ పెట్టుకొని... నేనేమనుకున్ననో ఎరుకేనా నీకు? సాటుంగ తాగుతున్నవనుకున్న. పదేండ్లు! అడిగితే ఇజ్జత్ పోతదని అడగలే. నువ్వు మానాలని గుట్టకు పోయి మూడు కత్తెర్లు ఇచ్చొచ్చిన.”

ఆడవాళ్లు మొక్కుకుని దేవుడికి మూడు కత్తెరల జుట్టు ఇస్తారు, మీకు తెలిసే ఉంటుంది. నేను నా జుట్టు దాచుకోవడానికి గడియ పెట్టుకుంటే, ఆ గడియ బయట నిలబడి ఆమె తన జుట్టు ఇచ్చింది. నేను తాగని మందు మానాలని!

ఆ తర్వాత ఇద్దరం నవ్వాం. ముందు ఆమే నవ్వింది. కానీ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. “బట్టతల అని చెప్పినా చేసుకునేదాన్నే. చెప్పనందుకే బాధ” అంది మూడో రోజు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎండాకాలం దాటింది. పక్కలా వెనకా పలచబడ్డది మళ్లీ నిండింది. అది అమ్మ వాటా అన్నమాట. నడినెత్తిమీద రాలేదు. అది నాది.

మందు మళ్లీ మొదలుపెట్టలేదు. మందు చెడ్డదని కాదు, అట్లా రాశానని ఎవరూ అనుకోవద్దు. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. వాడుతున్న తమ్ముళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. కాకపోతే మొదలుపెట్టే రోజే డాక్టరును ‘మానితే ఏమవుతుంది’ అని అడిగి, ఆ మాట చెవిన వేసుకోండి. మానాలనుకుంటే ఆయనతో చెప్పి మానండి. నాలుగో నెలలో దిండు చూసి గుండె ఆగినంత పని చేసుకోవద్దు. ఇంట్లోవాళ్లకు మాత్రం చెప్పండి. రజనీకాంత్ గారు తెరమీద విగ్గుతో సిగరెట్టు ఎగరేసినా, సభలకు మాత్రం తన తల తానుగానే వస్తారు. ఆయనకు లేని మొహమాటం ఆలేరు ఫొటోగ్రాఫరుకు దేనికి?

ఇక ఒక్క మాట మిగిలింది.

ఏడాది మాసికం నాడు చుట్టాలందరూ పోగయ్యారు. అరుగు మీద నాయినా నేనూ పక్కపక్కన కూచున్నాం. మా మేనత్త కొడుకు కెమెరా పట్టుకుని, “ఇద్దరూ ఇటు చూడండి” అన్నాడు. పైనుంచి ఎండ పడుతోంది. నాకు ఏదో గుర్తొచ్చి, లోపలికి పోయి రుమాలు తెద్దామా అని లేవబోయాను... ఈసారి మా ఇద్దరికీ ఎండ తగలకుండా.

నాయిన నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టాడు. నా నెత్తిమీద చెయ్యి వేసి, తెగిన పోగు కోసం పడుగు మీద తడిమినట్టు మెల్లగా తడిమాడు.

“ఆ దినం రుమాలు ఎందుకు కట్టమన్నవో నాకు తెల్వదనుకున్నవారా? పోనీలే. ఇగ ఇప్పుడు ఎవ్వలు చూసినా నా కొడుకువనే అంటరు.”

ఆ ఫొటో నా స్టూడియోలో, కౌంటరు వెనక, వచ్చినవాళ్లకు మొదట కనబడే చోట పెట్టాను. కంప్యూటర్లో ఒక్క వెంట్రుక కూడా నింపలేదు.